మూడో నీళ్లు

"తాళం వెయ్యక్కా ఈ గదికి! వాడేసిన టీ ఆకు పోసి జనానికి తాపిస్తంది నీ రేవతి."

నాగభూషణరావు గొంతు నరసరావుపేట కోర్టు రోడ్డు ఆ చివరిదాకా వినిపిస్తుంది. క్రిమినల్ కేసులు వాదించి వాదించి రాటుదేలిన గొంతు. నల్లకోటు భుజాన వేసుకుని రేవతి టీ గది నడిమధ్య నిలబడ్డాడు. పగడపు ఉంగరం ఉన్న చేత్తో ఫోను పైకెత్తి పట్టుకున్నాడు, జడ్జి ముందు హత్యాయుధం ఎత్తి చూపించినట్టు.

ఆయన చూపిస్తున్నది కోటేశ్వరమ్మకి. ఆ ఇల్లు ఆమెది. మేడ మీద తను ఉంటుంది, కింది గది రేవతికి అద్దెకిచ్చింది. గురజాల వైపు మిరప పొలాలున్న మనిషి. అద్దెకొచ్చేవాళ్లకి ఆమె పెట్టే షరతు ఒకటే. తన గడప లోపల ఎంగిలి పని జరగకూడదు.

కోటేశ్వరమ్మ కళ్లజోడు సర్దుకుంది. రేవతి కూడా మెడ సాచి చూసింది.

ఫోనులో రేవతి చెయ్యి కనిపించింది. మూత ఉన్న పింగాణీ కప్పులో తడిసి విచ్చుకున్న ఆకు. దాని మీద మళ్లీ వేడినీళ్లు పోస్తోంది. కింద పెద్ద పెద్ద అక్షరాలు: 'ఒకరు తాగిన ఆకు ఇంకొకరికి! మా షాపులో ప్రతి కప్పుకీ కొత్త ఆకు. ప్రవీణ్, ప్రకాష్ నగర్.'

"చూశావుగా! ఇంక చూసేదేంది?" అని నాగభూషణరావు ఫోను జేబులో వేసుకున్నాడు. "పొద్దున్నే మా వకీళ్ల గ్రూపులో నేనే పెట్టా. ఈపాటికి వినుకొండ దాకా పోయుంటది."

రేవతి చెవులు వేడెక్కాయి. పల్నాడులో టీ కొట్టువాణ్ని ఏ తిట్టు తిట్టినా నవ్వి ఊరుకుంటాడు. వాడిన పొడి వాడతాడంటే మాత్రం కొట్లాటకు వస్తాడు. అంతకన్నా నీచమైన మాట ఆ వృత్తిలో లేదు. ఆ మాట ఇప్పుడు తన పేరుతో ఫోను ఫోనుకీ తిరుగుతోంది.

"ఇది ఊలాంగ్ అనే రకం తేయాకు, ఒక్కసారి తాగి పారేసేది కాదు బాబాయ్. ఉండ చుట్టి ఉంటది. మొదటి నీళ్లకి కాస్త విచ్చుకుంటది. అసలు రుచి రెండో నీళ్లకి, మూడో నీళ్లకి వచ్చిద్ది."

"ఊరుకో అమ్మాయ్! మా నూజెండ్ల సెంటర్లో ఎవడన్నా పొడి మార్చకుండా రెండోసారి మరిగిస్తే గ్లాసు మొహాన కొడతారు."

"అది పొడి. ఇది ఆకు."

"సరే, ఆకే. మరి పాలచుక్క పొయ్యకుండా దాంట్లో పాలవాసన ఎట్టా వస్తందంట? సెంటు కలుపుతున్నావా ఏంది?"

"బంగినపల్లికి ఆ వాసన ఎవరు కలిపారు? అది చెట్టు రకం. ఇదీ అంతే. ఆ మొక్క ఆకుకే మీగడ వాసన ఉంటది."

"ఆహా! ఆకుకి మీగడ కడతదా? విన్నావా అక్కా?"

కోటేశ్వరమ్మ నవ్వలేదు. బొడ్లోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"చూడవే రేవతీ. నీ టీ నాకు తెలవదు. ఒకరి ఎంగిలి ఇంకొకరికి పోశావా, లేదా? పొద్దుగూకే లోపు తేల్చు. పోశావని తేలితే రేపీ తలుపు తెరుచుకోదు."

"పొయ్యలేదు పెద్దమ్మా," అంది రేవతి. నీలగిరుల్లో, కూనూరు తేయాకు ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం వదులుకుని వచ్చి పెట్టుకున్న గది ఇది. ఇక్కడ మూతపడితే ఈ పేటలో మరో ఇంటావిడ గది ఇవ్వదు. వాడేసిన ఆకు పోసే మనిషని ఇంటింటా చెప్పుకుంటారు.

ఆమెను మండించింది నాగభూషణరావు కాదు. ఆయనకి తెలియదు, అరిచాడు. ప్రవీణ్‌కి తెలుసు. పోయిన ఎండాకాలం దాకా ఈ గదిలోనే తన పక్కన నిలబడి పని నేర్చుకున్నాడు. ఆకు ఎన్ని నీళ్లకి విచ్చుకుంటుందో, ఎందుకు పారెయ్యకూడదో తనే వాడి చేతికి కప్పిచ్చి నేర్పింది. వారం కిందట 'అక్కా, ఊరికే చూసిపోదామని వచ్చా' అంటూ వచ్చి మూల కూర్చున్నాడు. ఆ చూడ్డం ఇదన్నమాట! అన్నీ తెలిసి, కడుపు నింపిన పనినే దొంగతనంగా చూపించాడు.

"బాబాయ్, సాయంత్రం కోర్టు అయ్యాక రండి. ప్రవీణ్‌నీ రమ్మనండి, వాడి డబ్బాతో సహా. పెద్దమ్మ ముందు ఇద్దరం టీ పోస్తాం. ఎవరు ఏం కలుపుతున్నారో అక్కడే తేలిద్ది."

నాగభూషణరావు కళ్లు మెరిశాయి. తీర్పు చెప్పే కుర్చీ ఎవరైనా వేస్తే ఆయన కాదనడు. అక్కడికక్కడే ఫోను కలిపాడు. "ఒరేయ్ ప్రవీణూ, రారా. భయమేందిరా? తప్పు చెయ్యనోడికి!"

సాయంత్రం బల్ల మీద మూడు మూత కప్పులు వరసగా ఉన్నాయి. మొదటి రెండూ రేవతివి. ఒకటి సన్నజాజి, రెండోది మీగడ. ఆ టీల అసలు పేర్లు బోర్డు మీద రాసినన్నాళ్లు ఎవరూ అడగలేదని తనే పెట్టిన పేర్లవి. మూడోది ప్రవీణ్ తెచ్చిన మీగడ టీ. గదిలో నలుగురే ఉన్నారు గానీ, గుమ్మం బయట చేతిలో ఫైళ్లతో జూనియర్ వకీళ్లు మూగారు.

ప్రవీణ్ రేవతి కళ్లలోకి చూడలేదు. డబ్బా మూత తీశాడు. అంతే, గది గదంతా కోవా వాసన.

"అబ్బ! ఇదీ వాసనంటే," అన్నాడు నాగభూషణరావు.

రేవతి తన డబ్బాలు తెరిచింది. సన్నజాజి ఆకు పచ్చి గడ్డి వాసన వేసింది. మీగడ ఆకు దగ్గర ఆయన ముక్కు పెట్టి పీల్చి, ఇంకోసారి పీల్చి, పెదవి విరిచాడు. "ఏందమ్మాయ్, దీంట్లో ఏం లేదే?"

"ఎండు ఆకు అరవదు బాబాయ్. అరిచిందంటే ఎవరో అరిపిస్తన్నట్టు."

మూడింటికీ ఒకే కెటిల్‌లో నీళ్లు, ఒకే కొలత ఆకు. మొదటి నీళ్లు పోసి వంచింది. రేవతి తన కప్పు జుర్రుమని శబ్దం వచ్చేలా పీల్చింది.

"ఏందే ఆ జుర్రుడు?" కోటేశ్వరమ్మ కసిరింది. "ఆడపిల్లవి!"

"గాలితో కలిపి పీలిస్తేనే వాసన ముక్కులోకి ఎక్కిద్ది పెద్దమ్మా. కూనూరులో దొరలూ ఇట్టాగే జుర్రుతారు."

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. నాగభూషణరావు కూడా జుర్రబోయి పొలమారి దగ్గాడు.

మొదటి విడత అయ్యేసరికి రేవతి ఓడిపోతోంది. సన్నజాజి లేత పసుపు రంగులో, పల్చగా, నాలుకకి అందీ అందనట్టుంది. తన మీగడ టీ ఇంకా నోరు విప్పనే లేదు. ప్రవీణ్ కప్పు మాత్రం పండగ మిఠాయి కొట్టులా ఉంది.

"ఇంకేం తేలాలి?" నాగభూషణరావు బల్ల చరిచాడు. "ప్రవీణ్‌దే కమ్మగా ఉంది. తీర్పు అయిపోయింది."

ప్రవీణ్ డబ్బా సర్దుకోబోయాడు.

"ఆగరా," అంది రేవతి. "రెండో నీళ్లు పొయ్యి."

ప్రవీణ్ చెయ్యి ఆగిపోయింది. "మేం వాడిన ఆకులో నీళ్లు పొయ్యం అక్కా. ప్రతి కప్పుకీ కొత్త ఆకు. అది మా పద్ధతి."

"ఆ పద్ధతి ఎందుకో చెప్పు. రెండో నీళ్లకి ఏం అవుద్దో నీకు తెలుసు కాబట్టేగా?"

"సార్, చూడండి సార్, మళ్లీ అదే ఎంగిలి పని..."

"ఇక్కడ తాగేది మనమేరా, ఎవడి ఎంగిలి?" కోటేశ్వరమ్మ గొంతు పెరిగింది. "పొయ్యమంటే పొయ్యి. పోస్తే పోయేదేందో నేనూ చూస్తా."

ప్రవీణ్ పొయ్యలేదు. రేవతే పోసింది, మూడింటికీ. రెండో విడతకి ప్రవీణ్ కప్పులో కోవా సగం చచ్చింది. నాగభూషణరావు కనుబొమ్మలు ముడిపడ్డాయి.

మూడో నీళ్లు. ఈసారి రేవతి ఇంకాస్త సేపు మూత పెట్టి ఉంచింది.

మూత తియ్యగానే సన్నజాజి విచ్చుకుంది. పందిరి కింద నుంచి నడిచి వెళ్తుంటే వెనక నుంచి వచ్చి తాకే వాసన. మింగేశాక గొంతులోంచి మళ్లీ పైకి వచ్చింది. కోటేశ్వరమ్మ ఒక గుక్క తాగి, తెలియకుండానే కొప్పు తడుముకుంది.

మీగడ కప్పు ఆ తర్వాత. తియ్యగా లేదు, మిఠాయిలా అసలే లేదు. నున్నగా, కాస్త చిక్కగా నాలుక మీద పరుచుకుంది. ఆమె కళ్లు మూసుకుంది.

"పిడకల దాలిలో కాగిన పాలు," అంది మెల్లగా. "పొద్దున పెడితే సాయంత్రానికి పైన మందంగా కట్టేది. ఆ మీగడ తీసి నాలుక మీద పెట్టుకున్నట్టుందే."

మూడోది ప్రవీణ్ కప్పు. ఆమె ఒక్క గుక్క నోట్లో పోసుకుని లేచి బయటికి వెళ్లి ఉమ్మేసి వచ్చింది.

"తడిసిన వరిగడ్డి! ఇందాకటి కోవా ఏదిరా? ఎటు పోయింది?"

"సెంటు పెద్దమ్మా," అంది రేవతి. "ఆకుకి పైన పూసిన సెంటు. మొదటి నీళ్లకే కడుక్కుపోయిద్ది. అందుకే వాడు కప్పు కప్పుకీ ఆకు మారుస్తాడు, మన మీద ప్రేమతో కాదు. తను చేసే పని నా నెత్తిన రుద్ది, నేను చేసే పనిని ఎంగిలన్నాడు!"

"టేస్టు కోసం కొంచెం... అందరూ కలుపుతారు అక్కా," ప్రవీణ్ గొణిగాడు.

"కలుపుకో! కలిపానని రాసి అమ్ముకో. నన్నెందుకురా దొంగని చేశావు?"

నాగభూషణరావు గొంతు సవరించుకున్నాడు. ఓడిపోయిన కేసులో కూడా ఏదో ఒక పాయింటు లాగడం ఆయనకి అలవాటు. "సరే, సెంటు సంగతి తేలింది. అసలు ఫిర్యాదు అట్టాగే ఉందిగా! ఒకరి ఆకు ఇంకొకరికి పోసినట్టు వీడియో ఉంది. దానికి జవాబేంది?"

"ఆ వీడియో కొసదాకా చూశావంట్రా భూషణం?" అంది కోటేశ్వరమ్మ.

"మొదట్లోనే తెలిసిపోతందిగా అక్కా."

"పెట్టు. కొసదాకా పెట్టు."

ఆయన ఫోను తీశాడు. రేవతి చెయ్యి నీళ్లు పోసింది, మూత పెట్టింది, కప్పులోకి టీ వంచింది. పొద్దున ఆయన ఫోను జేబులో వేసుకున్నది ఇక్కడే. ఇప్పుడు వీడియో ముందుకు సాగింది. ఎదుటి మనిషి మొహం కనిపించకుండా ప్రవీణ్ జాగ్రత్తపడ్డాడు గానీ, కప్పు అందుకోవడానికి ఒక చెయ్యి చట్రంలోకి వచ్చింది. లావుపాటి వేలు. పగడపు ఉంగరం. వెనక నుంచి ఒక గొంతు, కోర్టు రోడ్డు చివరిదాకా వినిపించే గొంతు: "ఇంకాస్త పొయ్యమ్మాయ్, ఇది బాగుంది... ఆఁ, వాయిదా సోమవారానికి అడుగు."

గుమ్మం దగ్గర జూనియర్లు మొహాలకి ఫైళ్లు అడ్డం పెట్టుకున్నారు.

నాగభూషణరావు రోజూ ఇక్కడ ఫోను చెవికి ఆనించుకునే తాగే మనిషి. తన కప్పులోకి ఏ నీళ్లు వస్తున్నాయో ఏనాడూ చూడలేదు. ఊరంతా పంపిన వీడియోలో తన చెయ్యినీ చూసుకోలేదు.

"అంటే, మొదటి కప్పూ..."

"మీదే బాబాయ్. రెండోదీ మీదే. మీ ఆకు మీకే పోశాను. ఒకరి కప్పు ఇంకొకరికి నేనెప్పుడూ ముట్టించలేదు."

"నీ కంచంలో నువ్వు మారు పెట్టించుకుంటే ఎంగిలంట్రా?" కోటేశ్వరమ్మ విరుచుకుపడింది. "మారు అడక్కుండా లేచినోడు వండినోళ్లని అవమానించినట్టు. నువ్వు మారు అడిగి మరీ తాగి, పెట్టినామెని దొంగంటావా?"

ఆ సందడిలో ప్రవీణ్ గుమ్మం దాటాడు. డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

నాగభూషణరావు కోటు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. నవ్వబోయాడు. "సరేలే అమ్మాయ్, తేలిపోయిందిగా. వదిలెయ్. ఏదీ, ఆ మీగడ ఇంకో కప్పు పొయ్యి."

రేవతి కెటిల్ పక్కకి జరిపింది.

"గ్రూపులో పెట్టండి."

"ఏమని?"

"ఆ చెయ్యి మీదేనని. కొసదాకా చూడకుండా పంపానని."

"నా పరువేం గావాలే!"

"పొద్దున నా పరువు ఏమైందో అదే అవుద్ది. నింద ఊరంతా తిరగాలి, తప్పయిందనే మాట మాత్రం ఈ నాలుగు గోడల మధ్యే ఉండాలా? ఏ సెక్షన్ కింద బాబాయ్?"

ఆయన కోటేశ్వరమ్మ వైపు చూశాడు. ఆమె తాళంచెవి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది, కదల్లేదు. గుమ్మం వైపు చూశాడు. జూనియర్లు ఎవరి ఫోన్లు వాళ్లు తెరిచి ఎదురుచూస్తున్నారు.

ఒక్కో అక్షరం నొక్కుతూ మొదలుపెట్టాడు. "'పొరపాటున' అని పెట్టనా?"

"మీది పొరపాటు. ప్రవీణ్‌ది అబద్ధం. రెండూ వేరువేరుగా పెట్టండి."

పెట్టాడు. గుమ్మం దగ్గర ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. కోటేశ్వరమ్మ తాళంచెవి తీసి బొడ్లో దోపుకుంది. "ముందు ఆ సెంటు డబ్బా మూత పెట్టవే, తల నొప్పెడతంది," అంది.

నాగభూషణరావు ఖాళీ కప్పు మెల్లగా ముందుకు జరిపాడు. రేవతి ముట్టుకోలేదు.

"నోటితో అడగండి బాబాయ్."

"మారు పొయ్యమ్మాయ్," అని గొణిగాడు.

"వినపళ్లేదు. పొద్దుటి గొంతుతో అడగండి."

ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. కోర్టు రోడ్డు మీద వెళ్తున్న ఆటోవాడు కూడా తల తిప్పి చూశాడు.

"మారు పొయ్యమ్మాయ్!"

రేవతి అదే ఆకు మీద నీళ్లు పోసింది.