అటకమీద కొత్త కాయలు

అంబాజీపేట దాటాక ఒక కొబ్బరి గోడౌను ముందు ఆటో దిగేసరికి యామినికి సంగతి అర్థమైపోయింది. పేరంటానికని చెప్పి తీసుకొచ్చిన అత్తగారు సూర్యకుమారి, కోడలి ముఖంకేసి చూడకుండానే లోపలికి నడిచింది. మొదటిది ఆడపిల్ల. ఇప్పుడు యామినికి ఐదో నెల.

మధ్యవర్తి బేబీ ఎదురొచ్చింది. "ఆయ్, వచ్చేరాండీ? సూట్‌కేసులో పట్టే మిషనండి. ఆడో మగో ఇలా చూసి అలా చెప్పేత్తారు. కాయితం గీయితం ఏమీ ఉండదండి."

చట్టం యామినికి తెలియనిది కాదు. నెలనెలా ఆసుపత్రి గోడమీద చదువుతూనే ఉంది. అడిగినవాళ్లకీ జైలేనని నర్సమ్మ చెబితే తలూపింది కూడా. కానీ ఉమ్మరాదు అన్న బోర్డుకిచ్చే విలువే దానికీ ఇచ్చింది, అందరిలాగే. పైగా, నిజం చెప్పొద్దూ, ఆమెకీ తెలుసుకోవాలనే ఉంది. తెలుసుకున్నాక ఏం జరుగుతుందో మాత్రం ఆలోచించడం మానేసింది.

ఇద్దరూ బల్లమీద కూర్చున్నారు. నెత్తిమీద వెదురు అటక. దాన్నిండా, ఎండుకొబ్బరి కురిడీ కోసం ఆరబెట్టిన కాయలు.

"ఆ కాయలు పోయిన వారమే ఎక్కించేరండి," అంటూ బేబీ లోపలి గదిలోకి వెళ్లింది.

లొటక్.

పైన ఒక కాయలో కురిడీ కదిలిన చప్పుడు. కొబ్బరి వ్యాపారం ఇంట పుట్టిన యామిని చటుక్కున తలెత్తి చూసింది. ఏడాది ఎండితేగానీ లోపలి కొబ్బరి చిప్పను వదిలి ఆడదు. వారం కిందటి కాయల్లో ఉండేవి నీళ్లే.

మళ్లీ లొటక్. కాసేపాగి ఇంకోటి. మూడు చప్పుళ్లు మూడు మూలల్నుంచి మొదలై, నెమ్మదిగా వాళ్ల నెత్తిమీదికే జరుగుతూ వచ్చాయి. గాలి లేదు. ఎలుక అలికిడీ లేదు.

"అత్తయ్యగారూ, వింటున్నారా?"

సూర్యకుమారి పైకి చూస్తూ వేళ్లు ముడుస్తోంది. "మూడు," అంది. "మీ ఆయన కడుపున పడకముందు మూడుసార్లు... మీ మావయ్యగారే తీసుకెళ్లేరు. మూడుసార్లూ ఆడపిల్లేనన్నారు. తీయించేసేం."

యామిని చెయ్యి తనంతట తానే పొట్టమీదికి వెళ్లింది. భయం వేసింది. ఆ భయంలోంచే ఎక్కడలేని కోపమూ వచ్చింది.

"నేను లోపలికి రానండి. అడగడమూ నేరమే, చెప్పడమూ నేరమే. కాదూకూడదంటే ఇక్కణ్ణించే పోలీసులకి ఫోన్ చేసేత్తాను."

అత్తగారు లేచి, అటక నిచ్చెన దగ్గరికి వెళ్లి, పసిపిల్లల్ని బుజ్జగించే గొంతుతో, "దిగండమ్మా, ఇంటికెళ్లిపోదాం," అంది.

చప్పుడు ఆగిపోయింది.

బేబీ వెనకనుంచి పిలుస్తూనే ఉంది. ఇద్దరూ గబగబా రోడ్డెక్కి, ఖాళీగా వస్తున్న ఆటో ఆపి ఎక్కారు.

"ఇంకో ముగ్గురు పడతారు, ఎక్కించుకోనాండీ?" అన్నాడు డ్రైవరు.

సూర్యకుమారి సీటు అంచుకి ఒదిగి కూర్చుంది. "చోటు లేదు బాబూ," అంది.