వదినె వేసిన దస్తీ

నేను ఒక దస్తీని. వరంగల్ కొత్తవాడలో ఆండాలు మగ్గం మీద, తువ్వాళ్లు నేయగా మిగిలిన నూలుతో పుట్టాను. అంచుకు ఆకుపచ్చ నూలు చాలక ఒక మూల ఎర్రనూలు కలిపింది. ఆ మచ్చతోనే నన్ను తన వదినె అనసూర్య చేతిలో పెట్టింది.

నేను ముక్కు తుడుచుకోవడానికి పుట్టాననుకునేరు. నా కొలువు వేరు. బస్సు కిటికీలోంచి నన్ను సీటు మీదికి విసిరితే చాలు, ఆ సీటు అనసూర్యది. ఎంతటి మొనగాడైనా నిలబడి ప్రయాణించాల్సిందే. పత్రాలు రాసుకున్న పొలాల కోసం తలలు పగలగొట్టుకునే మనుషులు జానెడు గుడ్డముక్కకు కట్టుబడతారు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

కాకతీయుల కోట ఉన్న మా ఊళ్లో ఏటా అంతర్జాతీయ సినిమా పండుగ జరుగుతుంది. వదినె, ఆడబిడ్డ జంటగా వెళ్లేవారు. భాష తెలియకపోయినా మొహాలు చూసి కథ పట్టేసేవారు. కిందటేడు ఒక సినిమాలో భార్య మొగుణ్ణి వదిలి రైలెక్కింది. మంచిపని చేసిందని ఆండాలు, తొందరపడిందని అనసూర్య. ఊరూ పేరూ తెలియని సంసారం కోసం వీళ్లిద్దరికీ మాటలు బందయ్యాయి.

ఈ ఏడు అనసూర్య ఒక్కతే వచ్చింది. ఆండాలు వస్తే మాట కలుపుదామని ఆమె ఆశ. రోజూ పక్క సీటు మీద నన్ను వేసి తలుపు వైపే చూసేది.

చివరి రోజు సినిమాకు ముందు మంచినీళ్లకు లేచింది. అంతలో మంచుదేశం నుంచి వచ్చిన దర్శకుడొకాయన నన్ను చూశాడు. అడుగడుగునా శాలువాలు కప్పించుకున్నవాడు కదా, నేనూ అతిథి మర్యాదే అనుకున్నాడు. కళ్లకద్దుకుని, జేబులో పెట్టుకుని, దర్జాగా కూర్చున్నాడు. తిరిగొచ్చిన అనసూర్యకు ఏం చేయాలో పాలుపోలేదు. సరిగ్గా అప్పుడే ఆండాలు వచ్చింది.

"నా జాగ వేరేటోళ్లకు ఇచ్చినవా వదినె?"

"దస్తీ ఏసిన ఆండాలూ. రోజూ ఏసిన."

"ఏస్తే ఏడికి పోతది?"

నేను జేబులో ఉన్నానని పాపం ఆమెకెలా తెలుస్తుంది? ఆండాలు మొహం ముడుచుకుంది. సినిమా వదులుకోలేక వెనక మెట్ల మీద కూర్చుంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

అది ఆ దర్శకుడి సినిమానే. మనుషులు తమ కథకు తామే ఏడవగలరు. ఆయన కళ్లు తుడుచుకోవడానికి నన్ను బయటికి తీశాడు. తెరనిండా మంచు. ఆ తెల్లటి వెలుగులో నా ఎర్రమూల మెరిసింది.

తన నేత తనకు తెలియదా? ఆండాలు మెట్లు దిగి వచ్చి వదినె భుజం మీద చెయ్యి వేసింది. "నిజంగనే ఏసినవ్," అంది. అనసూర్య సీటు వదిలేసి ఆమె పక్కన మెట్టు మీదే కూర్చుంది.

"గా పిల్ల రైలెక్కుడు తప్పేనా ఇంకా?"

"తప్పే."

ఇద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

సినిమా అయ్యాక ఎవరో నా సంగతి ఆయనకు విడమరిచి చెప్పారు. సిగ్గుపడి తిరిగివ్వబోతే ఆండాలు వద్దంది. "ఉంచుకో సారూ, ఇంకోటి నేస్త."

అలా మంచుదేశం చేరాను. ఇక్కడ ఆయన సినిమాకు వెళ్లినప్పుడల్లా పక్క సీటు మీద నన్ను వేస్తాడు. మీ గుడ్డ పడిపోయిందని ఎవరో ఒకరు మర్యాదగా తీసి ఇస్తారు. పడలేదు, ఒకరు రావాలి అంటాడాయన. ఎవరితో మాటలు బందయ్యాయో నాకింకా తెలియదు. నేను మాత్రం సీటు వదలను.