చల్లారిన బాయిలర్లు

ఓక్కె ఒక జర్మన్ యుద్ధనౌకలో బాయిలర్ల దగ్గర పెద్ద. బతుకంతా బొగ్గు మసిలోనే గడిపాడు. కొలిమి కాస్త చల్లబడితే చాలు, తన పరువే పోయినట్టు గిలగిల్లాడిపోయేవాడు. రాజులూ పార్టీలూ అతడికి పట్టవు. పట్టేదల్లా అక్క కొడుకు హెన్నింగ్ ఒక్కడే. వాణ్ని క్షేమంగా తెచ్చి అప్పగిస్తానని అక్కకు మాటిచ్చి మరీ ఓడ ఎక్కించాడు.

1918 అక్టోబరు చివరి రోజులు. సంధి మాటలు నడుస్తున్నాయని ఓడలో అందరికీ తెలుసు. అయినా ఓడ బయల్దేరడానికి ఆవిరి సిద్ధం చేయమని పైనుంచి కబురొచ్చింది.

"ఊరికే విన్యాసాలటరా," అన్నాడు ఓక్కె.

టర్నిప్ గంజి తాగి తాగి మొహం మొత్తిన కుర్రాళ్లు పకపకా నవ్వారు.

"విన్యాసాలా మామా? మనల్ని తీసుకెళ్లి ఇంగ్లీషువాళ్ల నోట్లో పెట్టడానికి," అన్నాడు హెన్నింగ్.

"నోర్ముయ్. కెప్టెన్‌కి మాత్రం ప్రాణం తీపి కాదేంట్రా?"

అంతలో నిచ్చెన దిగి వచ్చాడు డెట్లెఫ్. ఆఫీసర్లకు భోజనాలు వడ్డించేది అతడే. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"బాబాయ్, గెలిచిన రోజు తాగుదామని దాచిన సీసాలన్నీ నిన్న తాగేశారు. వెండి గిన్నెలు ఒడ్డుకు పంపించేశారు. ఓడిపోయి తల దించుకుని బతకడం కన్నా సముద్రంలో పోవడమే మేలట."

ఓక్కెకు విషయం అర్థమైంది. తిరిగొచ్చే ఉద్దేశం ఉన్నవాడెవడూ వెండి గిన్నెలు ఇంటికి పంపడు. వాళ్ల పరువు వాళ్లది, కాదనలేదు. దానికి తన పిల్లవాడెందుకు చావాలి?

హెన్నింగ్ నిప్పులు లాగే ఇనుప కొక్కెం అందుకుని మామ వైపు చూశాడు. ఓక్కె వారించలేదు.

"ఆ పక్క కొలిమి నాకొదిలెయ్," అన్నాడు.

కణకణలాడే నిప్పులన్నీ కొలిమిలోంచి లాగి నేల మీద పోశారు. నీళ్లు కొడితే బుస్సుమన్నాయి. ఓక్కె కళ్లలో నీళ్లు తిరిగాయి, పొగ వల్ల కాదు. ఓడ కదల్లేదు.

కాసేపటికి తుపాకులవాళ్లను వెంటబెట్టుకుని లెఫ్టినెంటు దిగాడు. ఇంకా పసిమొహం.

"ఏ పార్టీవాడు నూరిపోశాడు మీకు?"

"ఎవడూ రాలేదు సార్. తమరి సీసాలు ఖాళీ అయ్యాయని తెలిసింది, అంతే."

లెఫ్టినెంటు మొహం కందిపోయింది. అతణ్ని చూసి కూడా ఓక్కెకు జాలేసింది. అతడికీ ఎక్కడో ఒక తల్లి ఉండే ఉంటుంది.

మామనూ మేనల్లుణ్నీ తెచ్చి కీల్ రేవులోని జైల్లో పడేశారు. తిరగబడ్డవాళ్లకు తుపాకి గుండే శిక్ష. అక్కకు ఏం సమాధానం చెప్పాలో తెలియక ఓక్కె కుమిలిపోయాడు. ఒక సాయంత్రం బయట జనం హోరు వినిపించింది. యుద్ధపు కరువులో రొట్టె కోసం ఆడవాళ్లు మళ్లీ గొడవపడుతున్నారనుకున్నాడు. ఆ వెంటనే వరండాలో బూట్ల చప్పుడు. హెన్నింగ్‌ను గోడవైపు నెట్టి, తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

తలుపు తెరిచినవాడు ఒక నావికుడు. తిరుగుబాటు గుర్తుగా చేతికి ఎర్రగుడ్డ చుట్టుకున్నాడు.

"రండి బాబాయ్, ఇంటికి పోదురుగాని. మిమ్మల్ని వదలమని ఊరంతా రోడ్డెక్కింది."

"వదలమని ఆర్డరిచ్చింది ఎవరు?"

"ఎవరూ ఇవ్వలేదు."

ఓక్కెకు కాళ్లు కదల్లేదు. పైవాళ్లెవరూ చెప్పకుండా గడప దాటడం అతడికి అలవాటు లేదు.

హెన్నింగ్ వచ్చి అతడి చెయ్యి పట్టుకున్నాడు.

"నేను చెబుతున్నాను మామా. పద."