పడవలు ఆగే రోజు

మొగుడు జైల్లో ఉంటే గౌరీశ్వరి మైకు రుచి మరిగిందని ఎదురింటి సీతాలు కుళాయి దగ్గర అందట. ఆ మాట ఐసు ఫ్యాక్టరీ మలుపు తిరిగి, చేపల వేలం షెడ్డులో నాలుగు నోళ్లు మారి గౌరీశ్వరి చెవిన పడేసరికి, “మొగుడు రాకపోతేనే దానికి బాగుంది” అన్నంత అయింది. గౌరీశ్వరి గంపలో చేపల మీద ఐసు సర్దుకుంటూ వింది. సీతాలుతో తగువు పెట్టుకునే ఓపిక ఆ రోజు లేదు. సాయంత్రం కులపెద్దల ముందుకు పోవాలి.

ఆమె మొగుడు గోపి చేసిన నేరం పెద్దదేం కాదు. ఒడ్డునున్న మందుల కంపెనీ గొట్టం సముద్రంలోకి వదిలే నల్లనీళ్లు సీసాలో పట్టుకెళ్లి, ప్రజాభిప్రాయ సభలో ఆఫీసర్ల బల్ల మీద పెట్టి, “ఒక్క గుక్క తాగి సూపించండి బాబూ” అన్నాడు. సభంతా నవ్వింది. నవ్వినవాళ్లు ఇళ్లకు పోయారు, గోపి జైలుకు పోయాడు. ప్రభుత్వం మీద కుట్ర అని కేసు. సీసా సంగతి ఎవరూ ఎత్తలేదు.

అతని విడుదలకని కమిటీ పెట్టిన లాయరమ్మ అనూరాధ, గాంధీ బొమ్మ దగ్గర టెంటు వేయించింది. గౌరీశ్వరి అక్కడ మైకులో ఎన్నిసార్లు పిలిచినా వచ్చే పాతికమందే వస్తారు. వాళ్లకు గోపి కథ కంఠతా వచ్చేసింది. “ఇలా లాభం లేదమ్మా,” అంది లాయరమ్మ చివరికి గౌరీశ్వరితో. “హార్బరు ఒక్క రోజు ఆగితే, ఈ గోపి ఎవరని ఊరు ఊరంతా అడుగుతుంది. మీవాళ్లను మీరే అడగాలి.”

పెద్దలు సంఘం హాల్లో కూర్చున్నారు, కంపెనీ వేయించిన ఫ్యాన్ల కింద. గౌరీశ్వరి వాళ్లెదుట నిలబడింది. తోడొచ్చిన అత్త చిట్టమ్మ గడప దగ్గరే చతికిలబడింది.

“ఒక్క రోజు మావా,” అంది గౌరీశ్వరి, పెద్దాయన అర్జునరావుతో. “పడవలు కట్టీండి. మీ గోపి మనందరి కోసమే కదా ఆ మాటన్నాడు.”

“నానేటి కాదన్నానా? మంచోడే. నోరే మంచిది కాదు.”

“మీ తమ్ముడు ఏటకెల్లి సముద్రంలో పోయినప్పుడు హార్బరంతా ఆపేరు కదా. శవం దొరికేదాకా ఒక్కడూ వల ముట్టనేదు. ఎతకడానికి ముందు దిగినోడు గోపీయే.”

అర్జునరావు తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తాడు. “అది కట్టుబాటమ్మా. తాతల్నాటిది. గంగమ్మ తీసుకుపోతే పడవలాగుతాయి. పోలీసోలు తీసుకుపోతే ఆగుతాయని ఎవులు సెప్పేరు? రేపు ఇంకోడు తాగి తగువాడి లోపలికి పోతాడు. ఆడికీ ఆపమంతారు.”

“తాగినోడూ గోపీ ఒకటేనా మావా?”

“ఒకటని నాననేదు. జైల్లో అన్నం పెడతన్నారు, పానానికేటీ బయం నేదు. ఏదో రోజుకి వొత్తాడు. సముద్రంలో పోయినోడు వొత్తాడేటి?”

పక్కవాళ్లు బాగా చెప్పాడన్నట్టు తలలూపారు. ఒకాయన కుర్చీలోంచే టీకి కేకేశాడు. మైకు ముందు ఎన్నడూ తడుముకోని గౌరీశ్వరి అత్త వైపు తిరిగింది.

చిట్టమ్మ గడప పట్టుకుని లేచింది. చీర కుచ్చిళ్లు దులుపుకుంది.

“అయితే బాబూ, నా కొడుకు సచ్చేక వొచ్చి అడగమంతారు. అంతే కదా?”

టీ వచ్చింది. గ్లాసులు అందుకున్నారు.