ఫాల్ కుట్టిన చీరలు

చట్నీ రుబ్బి, చేయి కడుక్కుని భాను వచ్చేసరికి ఆమె చీరలన్నీ మంచం మీద గుట్టగా పడి ఉన్నాయి. భర్త రాఘవేందర్ బీరువాలోంచి ఇంకా తీస్తూనే ఉన్నాడు.

"ఒక్క పూట. మడత చెడకుండ మళ్ల తెస్త. నువ్వు గూడ జల్ది తయారుగా. దుకాణంల కూసోవాలె. ఒక్క పూట కూసుంటే ఏంగాదు."

"ఏ దుకాణం?"

"మా సేటు కాంప్లెక్సుల. బ్యాంకోళ్లు చూడనీకె వస్తున్నరు."

సేటు అంటే జగదీశ్వర్. చిక్కడపల్లిలో ఆయన కట్టిన కాంప్లెక్సుకు రాఘవేందర్ సూపర్‌వైజరు. ఏడాదిగా ఒక్క దుకాణం మడిగె కూడా కిరాయికి పోలేదు. ఆ తొంభై ఆరులో ఎటు చూసినా మడిగెలే లేస్తున్నాయి, అద్దెకు దిగేవాళ్లే లేరు. దుకాణాలు నిండితేనే అప్పు ఇస్తామని నారాయణగూడలోని చిన్న బ్యాంకువాళ్లు అన్నారట. అప్పు వస్తే గానీ రాఘవేందర్‌కు ఆగిపోయిన జీతం రాదు. అందుకని ఖాళీ మడిగెలకు రాత్రికి రాత్రే బోర్డులు మొలిచాయి. ఒకటి మందుల షాపు, ఒకటి చెప్పుల షాపు, చివరిది 'భాను శారీ సెంటర్'.

తన పేరు అంత పెద్ద అక్షరాల్లో చూడటం భానుకు అదే మొదటిసారి. కౌంటర్ వెనక కూర్చుంటే నవ్వు వచ్చింది, వెంటనే పాత మాటలు గుర్తొచ్చాయి. బీకాం పాసైన కొత్తలో, సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణం పెట్టిన స్నేహితురాలు జయశ్రీ లెక్కలు రాయడానికి రమ్మంది. "దుకాణంల కూసుంటవా? నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు అప్పుడు ఈ రాఘవేందరే. "బీకాం చదివితే బియ్యం వాటంతట అవే ఉడుకుతయా?" అంది అత్తగారు. ఆ నలుగురూ ఇవాళ ఏ ఊరికి పోయారో! జీతం లేని కొలువు ఇంట్లో చేస్తున్నది చాలదన్నట్టు, ఇప్పుడు జీతం లేని ఓనరు కూడా అయింది. అదైనా ఓర్చుకునేదేమో. కానీ ఆ బ్యాంకులోనే అమ్మ బుగ్గమ్మ పైసలున్నాయి. పాలమూరు నుంచి వచ్చి అశోక్‌నగర్ మేడలకు ఇసుక తట్టలు మోసి, బిడ్డను చదివించి, మిగిలిందంతా అందులో వేసింది. "బ్యాంకుల ఏస్తే దొంగలు ముట్టరు బిడ్డా," అనేది. దొంగ బోర్డు కింద ఆ బిడ్డే కూర్చుంటుందని ఆమెకేం తెలుసు?

పదకొండింటికి బ్యాంకు మేనేజర్ సుందరరావు చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. జగదీశ్వర్ వెంటనే అందుకున్నాడు. "ఈ చీరల షాపు మంచిగ నడుస్తది సార్. ఎప్పుడు చూసినా ఆడోళ్లే."

"ఓనరు ఈవిడేనా? అద్దె ఎంత?" భానును చూపిస్తూనే సుందరరావు రాఘవేందర్‌ను అడిగాడు.

"మూడు వేలు సార్. టైముకు కడ్తది."

సుందరరావు రాసుకున్నాడు. ఇంక వెళ్లబోతున్నాడు. భాను చేయి దానంతట అదే పై చీరను అందుకుని కౌంటర్ మీద పరిచింది.

"సార్, జర ఈ అంచు తిప్పి చూడుండ్రి."

"ఏమిటమ్మా?"

"ఫాల్ కుట్టి ఉంది. అమ్మే చీరెకు ఎవ్వరు కుట్టరు. ఇది నా పెండ్లి చీరె సార్. ఇవన్ని మా ఇంటియి. నేను కిరాయి కడ్తలేను. పక్క మడిగెలు గూడ ఖాళీయే."

"ఏం రాఘవేందర్, నీ పెండ్లానికి దిమాక్ ఖరాబైందా?" జగదీశ్వర్ అరిచాడు.

"మా అమ్మ పైసలు మీ బ్యాంకుల ఉన్నయి సార్. పైలంగ చూడుండ్రి."

సుందరరావు చీరను ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. కలరా ఉండల వాసన. రాసిన కాగితం అడ్డంగా కొట్టేసి, పెన్నుకు మూత పెట్టాడు. "మా డైరెక్టర్లు వారం నుంచి తొందరపెడుతున్నారమ్మా. వద్దనడానికి ఒక్క ఆధారం దొరికితే బావుండుననుకుంటున్నాను. బతికించారు," అని మెట్లు దిగాడు.

తల మీది తట్ట దించగానే అమ్మ ఒక ఊపిరి వదిలేది. అది ఎలాంటి ఊపిరో భానుకు ఇప్పుడు తెలిసింది.

రోడ్డు మీదికి వచ్చాక చీరల మూట పట్టుకుని రాఘవేందర్ నిలబడిపోయాడు. కొడతాడేమో, తిడతాడేమో అనుకుంది. "నౌకరి పోయింది," అన్నాడంతే. మూట చంకకు మార్చుకుని, "ఆ దొంగ లోనుకు సాక్షి సంతకం గూడ నన్నే పెట్టమన్నడు. పెట్టకపోవుడే నయం," అన్నాడు నేల చూస్తూ. "ఇగ ఇల్లెట్ల గడుస్తది?"

సుల్తాన్ బజార్ వైపు పోయే ఆటోను భాను చేయెత్తి ఆపింది.

"ఒక్క పూట దుకాణంల కూసుంటే ఏంగాదన్నవు గద? నిజంగనే ఏంగాలే. ఇగ రోజూ జయశ్రీ దుకాణంల కూసుంట. చీరెలు ఇంటికి తీస్కపో. మడత చెడకుండ నువ్వే సదురు. చట్నీ ఉంది, అన్నం పెట్టుకో."