ఆది చొక్కా

దండెం మీద ఆరేసిన చొక్కా మళ్ళీ మాయమైంది. ప్యాంటు ఉంది, బనీను ఉంది, తువ్వాలు ఉంది. పోయేది చొక్కా ఒక్కటే, అదీ నాలుగు జేబుల ఖాకీ చొక్కాయే. ఎడ్విన్ మేడ మెట్లు దిగి, అరుగు మీద చింతపండులో గింజలేరుతున్న హన్నమ్మ గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"హన్నమ్మ గారండీ, నా చొక్కా పోయిందండీ."

"గాలికి ఎగిరిపోయుంటదండీ."

"క్లిప్పులు దండేనికే ఉన్నాయండీ."

"అయితే పద్ధతైన గాలండీ," అంది ఆవిడ తలెత్తకుండా.

ఎడ్విన్‌ది హాలండు దేశం. పక్షుల శాస్త్రం చదివినవాడు. కొల్లేటి గూడబాతులు, అంటే ఆ సంచి మూతి పెలికాన్లు, మనిషికి అలవాటు పడతాయా పడవా అన్న సంగతి తేల్చడానికి వచ్చి, పెదపాడు అవతల చేపల చెరువుల మధ్యనున్న ఈ ఊళ్ళో, హన్నమ్మ గారి మేడ మీద గదిలో అద్దెకు దిగాడు. ఊళ్ళో సగం మంది చర్చికి పోయేవాళ్ళే కనుక పేరు వినగానే "మనోళ్ళ పేరే" అని సంతోషించారు. మనిషి మాత్రం మనోళ్ళలా లేడు. తాటిచెట్టంత పొడుగు, ఉడికిన రొయ్య రంగు. ఎండకి తాళలేక ముఖం నిండా తెల్లటి క్రీము, నెత్తిన గంపంత టోపీ. తెలుగు కష్టపడి నేర్చుకున్నాడు గానీ, ఎవర్ని అండీ అనాలో ఎవర్ని అనక్కర్లేదో తేలక అందర్నీ అనేస్తాడు. అన్నం దగ్గర వాలిన ఈగని కూడా "దయచేసి లేవండి" అంటాడు.

వచ్చిన కొత్తలో అతన్ని తినేసింది ఎండా కాదు, దోమా కాదు, ఒక ప్రశ్న. గుమ్మం దాటితే చాలు, "ఎక్కడికండీ?" అని ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ అడిగేవారు. ఎక్కడికైతే వీళ్ళకెందుకని మొదట్లో ఒళ్ళు మండేది. పిట్టల లెక్క కోసమని అందరికీ విడమరిచి చెప్పేవాడు. "ఇలాగేనండీ" అంటే సరిపోతుందని తెలిశాక ప్రాణం కుదుటపడింది. ఇప్పుడు ఎవరైనా అడక్కుండా దాటిపోతే, ఏం తప్పు చేశానా అని వెనక్కి తిరిగి చూస్తున్నాడు. వాళ్ళ ఊళ్ళో అయితే, అతను ఎక్కడికి పోతున్నాడని ఎవరూ అడిగి ఎన్నేళ్ళయిందో అతనికే గుర్తు లేదు.

అంతా బాగానే ఉంది, గూడబాతులతోనే చిక్కొచ్చి పడింది. ఎడ్విన్ గట్టు మీద కాలు పెడితే చాలు, చెరువు చెరువంతా లేచిపోయేది. గూడబాతులు, నీటికాకులు, కొంగలు, అన్నీ. పశువుల వెనక తిరిగే కొంగలకి మనిషంటే లెక్కే లేదు, అవి కూడా ఇతన్ని చూసి పక్క మండలానికి పోయేవి.

ఈ సంగతి అందరికంటే ముందు కనిపెట్టినవాడు దేవరాజు. హన్నమ్మ గారికి స్వయానా మరిది. చెరువు నిండా శీలావతి, బొచ్చె చేపలు పెంచుతాడు. పిట్టల్ని తోలడానికి టపాకాయలు కాల్చాడు, మెరుపు రిబ్బన్లు కట్టాడు, డబ్బాలు కొట్టించాడు. దేనికీ లొంగని పిట్టలు ఎడ్విన్ టోపీ కనబడగానే లేచిపోవడం చూసి, ఆ సాయంత్రమే "మా గట్టు మీద టీ తాగుదురు గాని రండి" అని పిలిచాడు. మర్నాడు పక్క చెరువు వాళ్ళు పిలిచారు, ఆ మర్నాడు ఆ పక్కవాళ్ళు. ఎంత ఆదరణ గల ఊరో అనుకుంటూ ఎడ్విన్ గట్టు గట్టుకీ టీ తాగాడు. కుర్చీ ఎప్పుడూ నీళ్ళకేసి ఎందుకు వేస్తున్నారో అతనికి తట్టలేదు.

అలా ఉండగా హాలండు నుంచి మెయిల్ వచ్చింది. మనిషికి చేతికందే దూరంలో గూడబాతు మసిలినట్టు ఒక్క ఫొటో అయినా ఈ నెలాఖరుకి పంపకపోతే, ఇక చాలించి వచ్చేయమన్నారు. ఆ పూట హన్నమ్మ గారు నిన్నటి చేపల పులుసు పెట్టింది. మామూలుగా అయితే వేళ్ళు నాక్కునేవాడు. ఆ రోజు కంచం పక్కకి జరిపి మెయిలే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు.

చొక్కాలు లేక గడవదు కనుక మర్నాడు ఏలూరు బస్సెక్కి, తన బట్టలు కుట్టే జిలానీ కొట్టుకి వెళ్ళాడు. టేపు తీస్తాడేమోనని చేతులు చాపి నిలబడితే, జిలానీ నవ్వాడు.

"కొలతలెందుకండీ? మీ ఆది చొక్కా నా దగ్గరే ఉంది కదండీ."

"ఆది చొక్కా అంటే ఏంటండీ?"

"కొలతకి ఇచ్చే పాత చొక్కా అండీ. దేవరాజు గారు పట్టుకొచ్చారు. హన్నమ్మ గారే దండెం మీంచి తీసిచ్చారంట. ఒకటిస్తే సరిపోయేది, మొన్న ఇంకోటి తెచ్చారండీ, ఒకవేళ మీరేమన్నా లావయ్యారేమోనని."

బల్ల మీద నాలుగు జేబుల ఖాకీ చొక్కాలు కుప్పగా ఉన్నాయి.

"ఇవన్నీ ఎవరివండీ?"

"మీవేనండీ. అంటే, చెరువుల్లో నిలబెట్టే మీవి. గడ్డితో చేస్తున్నారు కదండీ. నేను కుట్టు వరకే."

"గడ్డి బొమ్మకి ఆది చొక్కా దేనికండీ?"

"భలేవోరే! ఆది లేకుండా కుడితే చంక దగ్గర తేడా వచ్చేత్తదండీ."

"పిట్టలు చంకలు చూస్తాయాండీ?"

"పిట్టల సంగతి నాకు తెలవదండీ. చొక్కా మీద పేరు నాది కదండీ," అన్నాడు జిలానీ కొంచెం నొచ్చుకుని.

తిరుగు బస్సు కిటికీలోంచి చూస్తే, పొద్దున ఏమీ లేని చెరువుల్లో ఇప్పుడు తనే ఉన్నాడు. నడుం లోతు నీళ్ళలో వెదురు కాళ్ళ మీద, సున్నం పూసిన ముఖంతో, నెత్తిన బోర్లించిన గంపతో, చేతులు చాపుకుని ఎటు చూసినా ఎడ్విన్లే. పక్క సీటాయన వాటినీ ఇతన్నీ మార్చి మార్చి చూసి, "మీ వాళ్ళాండీ?" అన్నాడు.

ఎడ్విన్ బస్సు దిగి నేరుగా దేవరాజు దగ్గరికి వెళ్ళాడు.

"దేవరాజు గారండీ, ఇది అన్యాయమండీ. గూడబాతు నా దగ్గరికి రాకపోతే నన్ను వెనక్కి పిలిచేస్తారండీ."

దేవరాజు నోరు తెరిచాడు. "ఎళ్ళిపోతారాండీ? మరి ఈ ఆది చొక్కా చిరిగితే ఎలాగండీ?"

వారం తిరక్కుండానే పిట్టలు బొమ్మల గుట్టు పట్టేశాయి. ముందు ఒక నీటికాకి దేవరాజు బొమ్మ నెత్తినెక్కి రెక్కలారేసుకుంది. తర్వాత దాని చేతుల మీద కొంగలు బారు తీరాయి. పైనుంచి గూడబాతులు దిగి, బొమ్మ నడుం పక్కనే బొచ్చెలు ఏరుకు తినసాగాయి. "బొమ్మకి బుద్ధి లేదు వదినా, నిలబెడితే నిలబడిపోద్ది," అని దేవరాజు హన్నమ్మ గారి అరుగు మీద కూలబడ్డాడు. మేడ మెట్ల మీద కూర్చుని ఆ మాట విన్న ఎడ్విన్ చటుక్కున లేచాడు. నిలబెడితే నిలబడిపోవడం తనకి మాత్రం చేతకాదా?

తెల్లారాక ముఖం నిండా క్రీము పూసుకుని, టోపీ పెట్టుకుని, ఎడ్విన్ వెళ్ళి దేవరాజు గారి చెరువులో దిగాడు. అసలు బొమ్మని పీకి ఒడ్డున పడుకోబెట్టి, దాని చోట చేతులు చాపి నిలబడ్డాడు. పక్కనే గెడకి కట్టిన మేత బస్తా కోసం వచ్చిన చేపలు అతని కాళ్ళు గీకుతున్నాయి. ముక్కు మీద దోమ వాలింది. దాన్ని అండీ అనడానికి కూడా లేదు. గట్టు మీద గడ్డిమోపుతో పోతున్న కాంతం ఆగింది.

"ఎక్కడికండీ?" అంది అలవాటు కొద్దీ. ఎడ్విన్‌కి "ఇలాగేనండీ" అని నాలిక చివర దాకా వచ్చింది గానీ మింగేశాడు. అతను జవాబు చెప్పకపోవడం అదే మొదలు. కాంతం కళ్ళు చికిలించి చూసి, "ఓసోస్, బొమ్మా! ఇదేదో కొత్తగా కుదిరింది. చంక దగ్గర చూడు, ఎంత బాగా కూర్చుందో," అనుకుంటూ పోయింది.

మొదట టోపీ మీద ఏదో బరువు వాలింది. వాసనని బట్టి నీటికాకి. ఆ తర్వాత ఎదురుగా నీళ్ళు చీల్చుకుంటూ ఒక గూడబాతు దిగి, రెక్కలు ముడుచుకుని, పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా నిదానంగా ఈదుకుంటూ అతని నడుము పక్కకొచ్చి ఆగింది. ఎడ్విన్ గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ఆ అదురుకే అది లేచిపోతుందేమోనని భయపడ్డాడు. ఫొటో తీయాలి. కెమెరా మెడలోనే ఉంది. చెయ్యి కదిపితే అంతా పోతుంది.

సరిగ్గా అప్పుడే దేవరాజు టపాకాయల దండ పట్టుకుని గట్టెక్కాడు. ఒడ్డున పడున్న బొమ్మని చూశాడు. నీళ్ళలో ఉన్న బొమ్మని చూశాడు. నీళ్ళలోది కళ్ళార్పింది.

"దేవరాజు గారండీ," అంది ఆ బొమ్మ పెదవి కదపకుండా, "ఫొటో తీయండీ."

దేవరాజుకి ఒక చేతిలో టపాకాయలు, ఇంకో చేతిలో ఫోను. గూడబాతు నోట్లో అతని బొచ్చె తోక ఇంకా కొట్టుకుంటోంది.

"తీయకపోతే ఎళ్ళిపోతారాండీ?"

"వెళ్ళాల్సిందేనండీ."

దేవరాజు ఆ తోక మాయమయ్యేదాకా చూశాడు. "చేపదేముందండీ, చెరువులో మళ్ళీ చేపపిల్ల పోసుకుంటాం," అని గొణుక్కుంటూ టపాకాయలు జేబులో కుక్కి ఫోనెత్తాడు. "కొంచెం నవ్వండీ."

"నవ్వితే ఎగిరిపోతుందండీ."

"అయితే వద్దులెండి."

నాలుగైదు ఫొటోలు పడ్డాయో లేదో, క్యారేజీతో వచ్చిన హన్నమ్మ గారు గట్టు మీంచి ఆ గూడబాతుని చూసి ఒక్క కేక పెట్టింది. "ఓసి నీ కడుపు కాలా! మా మరిది చెరువే దొరికిందా నీకు!"

గూడబాతు లేచింది. నీటికాకి లేచింది. ఆ పక్క చెరువు, ఆ అవతల చెరువు, ఎడ్విన్ కంటికి ఆనినంత మేర నీళ్ళ మీద పిట్టన్నది లేకుండా లేచిపోయింది. పొద్దు గుంకేదాకా ఒక్కటీ దిగలేదు. దేవరాజు ఖాళీ చెరువుని చూశాడు, తర్వాత వదిన గారిని నెత్తి నుంచి పాదాల దాకా తేరిపార చూశాడు.

ఫొటో అందుకున్న హాలండు వాళ్ళు, "ఇందులో నువ్వేదీ?" అని ఒక్క ప్రశ్న వేశారు. వెనక ఇంకో మూడు బొమ్మలు పడ్డాయి మరి. టోపీ గుర్తు పెట్టి పంపాడు. ఇంకో ఏడాది ఉండమన్నారు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చిన హన్నమ్మ గారు దండెం చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఎడ్విన్ అరుగు మీద కూర్చుని ఆవిడ చింతపండులో గింజలేరుతున్నాడు.

"ఏవండీ, నా ఎర్ర జాకెట్టు కనపడట్లేదండీ. చీర ఉంది, జాకెట్టు లేదు."

"గాలికి ఎగిరిపోయుంటదండీ," అన్నాడు తలెత్తకుండా.

"క్లిప్పులు ఇక్కడే ఉన్నాయి కదండీ!"

వీధిలో దేవరాజు స్కూటరు ఏలూరు వైపు బయల్దేరింది. "ఎక్కడికండీ?" అని కేకేశాడు ఎడ్విన్.

"ఇలాగేనండీ!" అన్నాడు దేవరాజు, వెనక్కి తిరక్కుండా.