నల్లబడ్డ తమలపాకు కాడ

నర్సింగమ్మ రోజూ పొద్దున్నే ఊరబావిలో బిందె ముంచి, దారి పొడుగునా ఆ నీళ్ళతో మాట్లాడుకుంటూ దొర ఉండే గడీకి వెట్టినీళ్ళు మోసేది. ఆమె మాటలు నీళ్ళు వింటాయని ఊరందరికీ తెలుసు. పాడుతూ తెస్తే పప్పు తొందరగా ఉడికేది. ఏడుస్తూ తెస్తే కూరలో ఉప్పు వేసే పని ఉండేది కాదు.

సంఘం వాళ్ళకు జడిసి పట్నం పారిపోయిన రఘుపతిరావు దొర, పోలీసు యాక్షన్ కాగానే మిలిటరీ వెనక నక్కి ఊళ్ళోకొచ్చాడు. ఎవరైనా విషం పెడతారని ఆయనకు దిగులు. అంగడి తమలపాకులు మానేసి, పడకగదిలోనే కుండీలో తీగ పెంచుకున్నాడు. దాన్ని ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. నీళ్ళు పోసే నర్సింగమ్మ మాత్రం ఆయన కంటికి ఆనలేదు. వెట్టివాళ్ళను మనుషుల్లో కలిపే అలవాటు ఆ ఇంట్లో లేదు. రెండేళ్ళ కింద, పట్నం పారిపోకముందు, ఆమె మొగుడు జానయ్యను గడీకి పిలిపించింది ఆయనే. జానయ్య లోపలికి పోవడం అందరూ చూశారు. బయటికి రావడం ఎవరూ చూడలేదు.

నెల తిరిగేసరికి తీగ కాడ మొదట్లో నల్లబడింది. ఆపైన రోజుకో కణుపు.

"నీళ్ళెక్కువై వేరు కుళ్ళింది దొరా," అన్నాడు వైద్యుడు గుర్వయ్య. పంటినొప్పికి కూడా ఆయన నీళ్ళనే తప్పుబట్టేవాడు.

"ఎండ సాలక కాడ నల్లబడ్డది," అన్నాడు తోటమాలి భిక్షపతి. దొర కిటికీ జానెడు తెరిపించాడు. అంతకు మించి తెరిస్తే తూటా వస్తుందట.

"ఏందే నర్సీ, నీళ్ళల్ల ఏం కలుపుతున్నవ్?"

"ఏం కలుపుత దొరా? నీ ముంగట్నే తాగుత, సూడు."

తాగింది. ఆమెకేమీ కాలేదు. దారిలో నీళ్ళకు ఆమె చెప్పేది ఒక్కటే పేరు. అది ఆమె లోపల ముందునుంచే ఉంది.

నలుపు ఆకు తొడిమెకు ఎక్కిన రోజే, మిలిటరీ ఆఫీసరు నలుగురిని తాళ్ళతో కట్టి గడీ వాకిట్లో నిలబెట్టాడు. అందులో జానయ్య తమ్ముడు యాదయ్య ఒకడు. ఎవరు సంఘపోళ్ళో దొర పేరు పెట్టి చెప్పాలి. చెబితే వాళ్ళ పని అయిపోయినట్టే. దొర ఆ తీగ ఆకే మడిచి నోట్లో పెట్టుకుని వచ్చాడు.

"వీడి పేరు?"

"జానయ్య."

"వీడు?"

"జానయ్య."

నలుగురికీ అదే పేరు. ఆఫీసరు పెన్సిలు ఆగింది. "ఎవడీ జానయ్య? ఎక్కడున్నాడు?"

"పశువుల కొట్టంల. నేనే సంపి పూడ్పిచ్చిన," అంది దొర నోరు. ఆయన రెండు చేతులా నోరు మూసుకున్నాడు, కానీ అప్పటికే ఆలస్యమైంది.

తవ్వారు. ఆ నలుగురి కట్లు విప్పి, అవే తాళ్ళతో దొరను కట్టి జీపెక్కించారు. నీళ్ళెక్కువైనయని గుర్వయ్య ఇప్పటికీ అంటాడు.

నర్సింగమ్మ మళ్ళీ బావికి పోయింది. ఈసారి దారిలో ఒక్క మాటా మాట్లాడలేదు. ఉత్త నీళ్ళు తెచ్చి, మొగుడి ఎముకలకు స్నానం పోసింది.